మూడో రోజున చేతికిచ్చే పార

స్వాహిలీ భాషలో ఒక సామెత ఉంది: ‘మ్‌గేని సికు మ్‌బీలి, సికు యా తాతు మ్‌పే జెంబే.’ అతిథికి రెండు రోజులు మర్యాద చేయి, మూడో రోజున చేతికి పార ఇవ్వు అని దీని భావం. ఆతిథ్యం మూడు రోజులనీ, ఆపైన చేసేది దానమనీ, ఇంటివారికి ఇబ్బంది కలిగేంత కాలం అతిథి ఉండిపోరాదనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన విషయం పాఠకులకు తెలిసినదే. సామెత మాటలు సరదాగా ఉన్నా దాని వెనుక ఉన్న మర్యాద అదే.

పరాయి దేశానికి సేవ చేయడానికి వెళ్ళే మనిషి గురించి ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. అతను ముందుగా అతిథి. ఆ తరువాతనే పనివాడు. అతని చేతికి ఏ పార ఇవ్వాలో నిర్ణయించే అధికారం ఇంటివారిది. జాంజిబార్ దీవుల్లో నేనూ నా శ్రీమతీ గడిపిన ఒక సంవత్సరం మాకు నేర్పిన పాఠం ప్రధానంగా ఇదే.

నేను ప్రకాశం జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా గణితం బోధించి పదవీ విరమణ చేశాను. పిల్లలు స్థిరపడ్డారు. ఆరోగ్యం ఉండగానే, అల్లాహ్ ప్రసన్నత కోరి, జీతం తీసుకోకుండా ఎక్కడైనా ఒక ఏడాది పనిచేయాలనే సంకల్పం మా ఇద్దరిలో చాలాకాలంగా ఉంది. పరిచయస్థుల ద్వారా ఆ దీవుల్లోని ఒక పల్లె పాఠశాలకు గణిత ఉపాధ్యాయులు కావాలని తెలిసింది. అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. అల్‌హమ్దులిల్లాహ్, ఆ సమయానికి అనుమతి పత్రాలు చేతికి అందాయి.

పరిచయమున్న పరాయి నేల

జాంజిబార్ తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో భాగం. తనదైన అధ్యక్షుడు, శాసనసభ ఉన్న ప్రాంతం. ఉంగుజా, పెంబా అన్నవి ప్రధాన దీవులు. 2022 జనగణన ప్రకారం జనాభా సుమారు 19 లక్షలు. వారిలో అత్యధికులు ముస్లిములు. దార్ ఎస్ సలాం రేవు నుండి వేగంగా నడిచే ఓడలో దాదాపు రెండు గంటల ప్రయాణం. ఓడ దిగగానే కనిపించే రాతి పట్టణాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. చెక్కడపు పనితనంతో, ఇత్తడి బొడిపెలతో ఉన్న దాని తలుపులు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగవలసిన సందులు, ఇంటి ముందు రాతి అరుగులు మనసుకు వెంటనే దగ్గరవుతాయి. ఆ అరుగును వారు ‘బరాజా’ అంటారు. సాయంత్రం పెద్దలు దానిపై కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుకోవడం చూస్తే మన పల్లెల రచ్చబండ గుర్తుకు వస్తుంది.

ఇస్లాం ఈ తీరానికి చేరి వెయ్యేళ్ళు దాటింది. ఉంగుజా దక్షిణ కొనన ఉన్న కిజింకాజి మస్జిదులో హిజ్రీ 500, అంటే క్రీ.శ. 1107 నాటి కూఫీ లిపి శాసనం ఉంది. 1331లో ఈ తీరం వెంబడి మొంబాసా, కిల్వా పట్టణాలను దర్శించిన ఇబ్న్ బతూతా ఇక్కడివారి ధర్మనిష్ఠను మెచ్చుకున్నాడు. డిసెంబరు నుండి మార్చి వరకు వీచే ఈశాన్య పవనాన్ని ఇక్కడివారు ‘కస్‌కాజి’ అంటారు. అరేబియా నుండి, భారత పడమటి తీరం నుండి తెరచాప పడవలను తీసుకువచ్చినది ఆ గాలే. దిశ మారి ‘కూసి’ వీచినప్పుడు పడవలు తిరిగి వెళ్ళేవి. ఇటీవలి బంధం మరొకటి ఉంది. ఐఐటీ మద్రాసు 2023లో ఇక్కడ తన శాఖను ప్రారంభించింది. భారతదేశం వెలుపల ఏర్పడిన మొదటి ఐఐటీ ఇదే.

స్వాహిలీ అనే పేరే ‘తీరాలు’ అనే అర్థమిచ్చే ‘సవాహిల్’ అన్న అరబీ మాట నుండి వచ్చింది. ఉర్దూ తెలిసిన ఇంటివారికి ఈ భాష సగం తెరచిన తలుపు వంటిది. కితాబు, దునియా, వకాతి, సఫారి, హబారి, దవా అన్న మాటలకు అర్థం అడగనక్కరలేదు. దుకాణం ‘దుకా’, ప్రభుత్వం ‘సెరికాలి’, డబ్బు ‘పెసా’, లక్ష ‘లాకి’, బండి ‘గారి’. టీని ‘చాయ్’ అనీ చపాతీని ‘చపాతీ’ అనీ అంటారు. అన్నిటికంటె నాకు ఆనందం కలిగించినది, లెక్కను ‘హెసాబు’ అనడం. జీవితమంతా నేను చెప్పిన పాఠం పేరు నాకంటె ముందే అక్కడికి చేరి ఉంది.

అయితే ఈ పోలికలు మనిషిని తేలికగా ధీమాలోకి దించుతాయి. వంద మాటలు తెలిస్తే భాష తెలిసినట్టు కాదు. సర్దుబాటు అనేది అసలు మాటల మధ్య ఉండే మర్యాదలో మొదలవుతుంది.

పలకరింపు, అనుమతి

మన దగ్గర దారిలో ఎదురైన వ్యక్తికి సలాం చెప్పి సాగిపోతాం. అక్కడ సలాం తరువాత పలకరింపు మొదలవుతుంది. ఇంటి కబురేమిటి, పిల్లల కబురేమిటి, పని కబురేమిటి, ఉదయం కబురేమిటి అని వరుసగా అడుగుతారు. ప్రతిదానికీ ‘మంచిది’ అనే జవాబు చెప్పి, తిరిగి అవే అడగాలి. ఇవి పూర్తి కాకుండా ‘బడి తాళం ఎక్కడుంది?’ అని అడిగితే అది మొరటుతనం. చిన్నవారు పెద్దవారిని ‘షికమూ’ అని పలకరిస్తారు. పెద్దవారు ‘మరహబా’ అంటారు. నెరిసిన నా గడ్డం చూసి పల్లెలోని ప్రతి పిల్లవాడూ ‘షికమూ’ అనేవాడు. ఇంటి నుండి బడి వరకు పది నిమిషాల నడకకు పాతిక నిమిషాలు కేటాయించుకోవడం మా దినచర్యలో భాగమైంది.

పరుల ఇళ్ళలో ప్రవేశించే ముందు అనుమతి కోరి, ఇంటివారికి సలాం చెప్పాలని దివ్య ఖురాన్ ‘నూర్’ సూరాలో ఆదేశించింది. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే వెనుదిరగాలని హదీసు బోధిస్తుంది. ఆ పల్లెలో ఇది నిత్య జీవితంగా కనిపించింది. గడపకు అవతలే నిలబడి ‘హోది’ అని పిలుస్తారు. లోపలి నుండి ‘కరిబు’ అనే మాట వినిపిస్తేనే అడుగు లోపల పెడతారు. రాకపోతే మరోసారి, ఇంకోసారి పిలిచి, మనసులో ఏమీ పెట్టుకోకుండా వెళ్ళిపోతారు. మా వాకిలి తెరిచే ఉన్నా ఏడేళ్ళ పిల్ల సైతం హోది అనకుండా లోపలికి రాలేదు. గ్రంథంలో చదివిన ఆదేశం ఒక జాతి నాలుక మీద అలవాటుగా మారితే ఎలా ఉంటుందో అక్కడ చూశాం.

స్త్రీలు ధరించే ‘కంగా’ అనే జంట వస్త్రం గురించి కూడా చెప్పాలి. ముదురు రంగులు, చుట్టూ అంచు, కింది భాగంలో అచ్చువేసిన ఒక వాక్యం ఉంటాయి. సామెతో, దుఆయో, పొరుగింటివారికి సుతిమెత్తని చురకో ఏదైనా కావచ్చు. మా శ్రీమతి ఆ వాక్యాలను కూడబలుక్కుని చదవడం ద్వారానే భాష నేర్చుకుంది. ‘హరకా హరకా హైనా బరకా’ అన్నది ఆమెకు మొదట తెలిసిన సామెత. హడావుడిలో బర్కత్ లేదని అర్థం.

ఉదయం ఒంటిగంట

కాలం లెక్క మరో పాఠం. స్వాహిలీలో గంటలను సూర్యోదయం నుండి లెక్కిస్తారు. మనం ఏడు గంటలు అనే సమయం వారికి ‘ఉదయం ఒకటో గంట’. మన మధ్యాహ్నం పన్నెండు వారికి ఆరో గంట. భూమధ్యరేఖకు సమీప ప్రాంతం కనుక ఏడాది పొడవునా పగలు దాదాపు పన్నెండు గంటలే ఉంటుంది. అందువల్ల ఈ లెక్క ఎప్పుడూ తప్పదు. వారాన్ని కూడా శుక్రవారం నుండి లెక్కిస్తారు. శనివారం ‘జుమామోసి’, అంటే జుమా తరువాత మొదటి రోజు. ఆదివారం రెండోది, సోమవారం మూడోది. ఇలా బుధవారం వరకు సాగి, గురువారం ‘అల్‌హమీసి’, శుక్రవారం ‘ఇజుమా’ అవుతాయి. వారం మొత్తం జుమా చుట్టూ తిరిగే ఈ ఏర్పాటు మాకు ఎంతో నచ్చింది.

తీరప్రాంతంలో మరో గడియారం కూడా ఉంది. అది సముద్రం. తూర్పు తీరాన స్త్రీలు 1989 ప్రాంతం నుండి సముద్రపు నాచును సాగు చేస్తున్నారు. దానిని ‘మ్‌వాని’ అంటారు. లోతులేని నీటిలో కర్రలు పాతి, తాళ్ళు కట్టి, నాచు తునకలను ముడివేస్తారు. ఆటు వచ్చి నీరు వెనక్కి తగ్గినప్పుడే ఆ పని సాధ్యం. పౌర్ణమి, అమావాస్యల సమీపంలో నీరు బాగా వెనక్కి పోతుంది. ఆ రోజుల్లో పల్లెలో సమావేశం పెట్టినా ఎవరూ రారు. బయటినుండి వచ్చినవారు దీనిని నిర్లక్ష్యం అనుకోవచ్చు. నిజానికి వారు సముద్రం ఇచ్చిన సమయానికి కచ్చితంగా హాజరవుతున్నారు.

ఒకే సఫ్‌లో

మన ప్రాంతంలో అత్యధికులు హనఫీ మస్లక్‌ను అనుసరిస్తారు. అక్కడ అత్యధికులు షాఫయీలు. ఒమాన్ సుల్తానుల కాలం నుండి ఇబాదీలు కూడా కొందరున్నారు. అస్ర్ అజాన్ మనకు అలవాటైన వేళకంటె చాలా ముందే, మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వినిపిస్తుంది. వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువంత పొడవు కాగానే షాఫయీల ప్రకారం అస్ర్ వేళ మొదలవుతుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) ప్రసిద్ధ అభిప్రాయంలో నీడ రెండింతలు కావాలి. ఆయన ప్రముఖ శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లు మాత్రం మొదటి వేళనే సమ్మతించారు. ఈ విషయం పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. జమాఅత్‌తో నమాజు చేయడానికి దాని ఉపయోగం ఎంతటిదో ఆ మస్జిదులో తెలిసింది.

ఫజ్ర్ రెండో రకాత్‌లో రుకూ తరువాత ఇమాము చేతులెత్తి ఖునూత్ చదివేవారు. వెనుక అందరూ ఆమీన్ అనేవారు. నేను మౌనంగా నిలబడేవాణ్ణి. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. చేతులు కట్టుకున్నవారు, పక్కలకు వదిలినవారు, ఆమీన్ బిగ్గరగా అన్నవారు, మెల్లగా అన్నవారు భుజం భుజం కలిపి నిలిచే ఆ సఫ్ నాకు ఒక ఏడాదిపాటు రోజూ లభించిన అనుగ్రహం. మన పట్టణాల్లో ఇంతకంటె చిన్న తేడాలకే మస్జిదు మెట్లపై వాదనలు జరగడం గుర్తుకు వచ్చినప్పుడు మనసు బరువెక్కేది.

భోజనం విషయంలోనూ ఇదే ఎదురైంది. నీరు తగ్గినప్పుడు స్త్రీలు పగడపు దిబ్బలలో కర్రతో ఆక్టోపస్ పడతారు. కొబ్బరిపాలలో వండిన ఆ కూర అక్కడ గౌరవనీయమైన వంటకం. సముద్రజీవులలో చేపలు మాత్రమే తినదగినవన్నది హనఫీ ఫుఖహాల మాట. షాఫయీల ప్రకారం ఆక్టోపస్ హలాల్. ఇంటామెకు మా శ్రీమతి సంగతి వివరించగా ఆమె నవ్వి, తరువాతి వారం పిలిచినప్పుడు చేపల కూర వండింది. ‘మా ఇంట్లో హలాల్, మీ ఇంట్లో కాదు, సముద్రం మాత్రం ఇద్దరిదీ’ అని ఆమె అన్నదట. రమజాను మాసంలో ఇఫ్తార్‌కు కర్రపెండలం, చిలగడదుంప, అరటికాయలను కొబ్బరిపాలలో ఉడికించి పెట్టేవారు. ఖర్జూరం ఎలాగూ ఉండేది. హలీం లేదని మొదటి వారం అనిపించింది. రెండో వారం నుండి ఆ తలంపే రాలేదు.

మనకంటె ముందు వెళ్ళిన మన పేరు

పరాయి నేలపై అడుగుపెట్టే మనిషి ఒంటరిగా వెళ్ళడు. అతనికంటె ముందు అతని జాతి చరిత్ర అక్కడికి వెళ్ళి ఉంటుంది. జాంజిబార్ లవంగాల దీవి. మన బిర్యానీలో పడే లవంగాలలో కొన్ని పెంబా తోటలవి. కాని పంతొమ్మిదో శతాబ్దంలో ఒమాన్ సుల్తాను సయ్యద్ సయీద్ కాలంలో విస్తరించిన ఆ తోటలలో పనిచేసినవారు ఆఫ్రికా లోతట్టు ప్రాంతాల నుండి గొలుసులతో తెచ్చిన బానిసలు. సుల్తాను బర్గష్ 1873లో ఒప్పందంపై సంతకం చేసిన తరువాతే రాతి పట్టణంలోని బానిసల సంత మూతపడింది. ఆ స్థలంలో నేడు ఒక చర్చి ఉంది. దాని ఆవరణలో నేలలో తవ్విన గోతిలో, మెడలకు గొలుసులు వేసిన రాతి మనుషుల బొమ్మలున్నాయి. వాటి ముందు నిలబడ్డ ముస్లిముకు తల దించుకోక తప్పదు. బానిసకు విముక్తి కలిగించడాన్ని కష్టసాధ్యమైన ధర్మమార్గంగా దివ్య ఖురాన్ ‘బలద్’ సూరాలో పేర్కొన్నది. బిలాల్ (రజియల్లాహు అన్హు) చరిత్రను మనం గర్వంగా చెప్పుకుంటాం. అటువంటి సమాజం పేరు పెట్టుకున్నవారే ఈ వ్యాపారం చేశారన్న నిజాన్ని దాచడం ధర్మం కాదు.

మన దేశస్థుల పాత్ర కూడా ఇందులో ఉంది. సుల్తానుల కాలంలో రేవు సుంకాల వసూలు కాంట్రాక్టు కచ్ఛ్, గుజరాత్ వర్తకుల చేతిలో ఉండేది. లవంగపు తోటలకు అప్పులిచ్చినవారూ వారే. వారిలో దాతలూ ఉన్నారు. తారియా తోపన్ అనే ఇస్మాయీలీ వర్తకుడు 1887లో పునాది వేయించిన ఆసుపత్రి భవనం నేటికీ సముద్రతీరాన నిలిచి ఉంది. 1964 జనవరి 12న జరిగిన విప్లవంలో ఎందరో అరబ్బులు, భారతీయులు ప్రాణాలు కోల్పోయారు, వేలమంది దేశం విడిచి వెళ్ళారు. ‘మ్‌హిందీ’ అంటే భారతీయుడు. ఆ మాట పల్లెలోని ముసలివారి నోట వినిపించినప్పుడు అందులో దుకాణదారుడు, అప్పులిచ్చినవాడు, పారిపోయిన పొరుగువాడు అందరూ ఉంటారు. ‘నేను సేవ చేయడానికి వచ్చాను’ అన్న ఒక్క మాటతో ఆ జ్ఞాపకం చెరిగిపోదు. అది తగ్గవలసింది మన నడవడితో, ఓపికతో.

చేతికి వచ్చిన పార

గణితం బోధించడానికి నేను పాఠ్యప్రణాళిక సిద్ధం చేసుకుని వెళ్ళాను. ప్రధానోపాధ్యాయుడు రెండు వారాలపాటు నాకు ఏ తరగతీ ఇవ్వలేదు. వెనుక బల్లపై కూర్చుని అందరి పాఠాలూ వినమన్నారు. ఆ తరువాత గదిలోకి పిలిచి చెప్పారు: ‘మ్‌వాలిము, మీరు డిసెంబరులో వెళ్ళిపోతారు. మీరు పాఠం చెబితే జనవరిలో ఆ తరగతి ఖాళీ అవుతుంది. మా దగ్గర కొత్తగా చేరిన ఒక అబ్బాయి ఉన్నాడు. అతని పక్కన కూర్చోండి.’

‘మ్‌వాలిము’ అంటే ఉపాధ్యాయుడు. మన ‘ముఅల్లిం’ అన్న మాటే. ఆ విధంగా నా చేతికి వచ్చిన పార నల్లబల్ల కాదు, ఇరవై అయిదేళ్ళ యువకుని పక్కన ఒక కుర్చీ.

అక్కడి పిల్లల సమస్య నాకు కొత్తది కాదు. చిన్న తరగతులలో ఎక్కువగా స్వాహిలీలో నేర్చుకుని, ఉన్నత పాఠశాలకు వచ్చాక ఇంగ్లీషులో పరీక్ష రాయాలి. తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమంలో పడిన మన పిల్లల తడబాటు అది. లెక్క రాక కాదు, ప్రశ్న అర్థం కాక ఆగిపోతారు. ఆ యువకుడికి పిల్లల భాష, వారి ఇళ్ళ సంగతులు తెలుసు. ఒక లెక్కను ఎన్ని మెట్లుగా విడగొట్టవచ్చో నాకు తెలుసు. మగ్రిబ్ తరువాత మేమిద్దరం కూర్చుని మరుసటి రోజు పాఠాన్ని సిద్ధం చేసేవాళ్ళం. ఉదాహరణలన్నీ ఆ పల్లెవే: నాచు తాళ్ళ పొడవు, ఆటుపోట్ల వేళలు, లవంగాలు ఎండితే తగ్గే బరువు. ప్రశ్నలోని ప్రతి ఇంగ్లీషు మాటకు స్వాహిలీ మాటను పక్కన రాసేవాడు. ఏడాది చివరికి అవి ఆరు నోటు పుస్తకాలయ్యాయి. వాటిపై రాత అతనిది. అదే సరైనది.

మా శ్రీమతికి కుట్టుపని నేర్పే సరంజామా వెంట ఉంది. నాచు సాగు చేసే స్త్రీలు దానిని చూసి మెచ్చుకుని, తమకు కావలసినది వేరని చెప్పారు. వారు ఎండబెట్టిన నాచును వర్తకులు కిలోల లెక్కన కొంటారు. దాని నుండి తీసే పదార్థం ఐస్‌క్రీములలో, టూత్‌పేస్టులలో కలుస్తుంది. సముద్రం వేడెక్కడంతో ఎక్కువ ధర పలికే రకం సరిగా పెరగడం లేదు. ఇన్ని కష్టాల మధ్య తూకం, ధర, ఎవరి వాటా ఎంత అన్నవి నోటిమాటగానే ఉండేవి. వారు అడిగినది లెక్కల పుస్తకం రాసే పద్ధతి. ఇచ్చిపుచ్చుకునే వ్యవహారాలను రాతలో పెట్టమని దివ్య ఖురాన్ ‘బఖరా’ సూరాలో ఆదేశించిన సంగతి వారికి కంఠస్థం. ఆ ఆయతును వారే ఆమెకు చదివి వినిపించారు. కుట్టు సామగ్రి మూలన ఉండిపోయింది. పుస్తకం నిండింది.

వెళ్ళదలచినవారికి

రెండు వారాలకు వచ్చి, పోయిన నెల ఎవరో రంగు వేసిన గోడకే మళ్ళీ రంగు వేసి, పిల్లలతో ఫోటోలు దిగి వెళ్ళే సేవ లోకంలో చాలా చోట్ల జరుగుతున్నది. ఆ గోడకు రంగు వేయగల మనిషి అదే ఊళ్ళో పని లేక కూర్చుని ఉంటాడు. కాబట్టి బయలుదేరే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: నేను చేయబోయే పనిని అక్కడివారు కోరారా, నేను వచ్చేశాక అది నిలుస్తుందా?

మిగిలినవి ఆచరణకు సంబంధించిన మాటలు. జీతం లేని సేవకైనా చట్టబద్ధమైన అనుమతి తీసుకోవాలి. పర్యాటక వీసాపై వెళ్ళి పనిచేయరాదు. మీ భోజనం, వసతి ఖర్చులు ఆ ఊరిపై భారం కాకూడదు. జాంజిబార్‌లో మలేరియా బాగా తగ్గినా దోమతెర, వైద్యుని సలహా తప్పనిసరి. భాషకు కనీసం మూడు నెలలు ముందుగా కేటాయించండి. అనుమతి అడగకుండా ఎవరి పిల్లలనూ ఫోటో తీయవద్దు. దంపతులుగా వెళ్ళగలిగితే మేలు. పురుషుడికి మస్జిదు, బరాజా పరిచయమవుతాయి. ఇంటి లోపలి ఊరు స్త్రీకి మాత్రమే తెరుచుకుంటుంది.

మానవులను జాతులుగా, తెగలుగా చేసినది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని ‘హుజురాత్’ సూరా బోధిస్తున్నది. తెలుసుకోవడం అంటే ముందు వినడం. ఇచ్చే చేయి పైచేయి అన్న మాట నిజమే. అయితే ఆ చేయి ఇతరుల గడప దాటే ముందు ‘హోది’ అని పలకాలి, ‘కరిబు’ అనే జవాబు వచ్చేవరకు ఆగాలి. మన సంకల్పాలను అల్లాహ్ నిష్కల్మషం చేయుగాక! ఎవరికి ఏది అవసరమో అది చేసే వినయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.